మోగే తీగకు ముడుపు

పోయిన నెల ఒక కాఫీ హోటల్లో సర్వరు చేతిలోంచి గ్లాసు జారి నేలమీద పడింది. స్టీలు గ్లాసు కదా, పగలదు, మోగుతుంది. అది తిరుగుతూ, మోగుతూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను కాఫీ వదిలేసి, వంగి, దానిమీద అరచెయ్యి పెట్టాను. మోత ఆగింది. ఎదురుగా కూర్చున్నాయన నన్ను వింతగా చూసి, "అలవాటా అండీ?" అన్నాడు. "కాదండీ, ఒకాయన దగ్గర అంటుకుంది" అన్నాను. ఆయన తన కాఫీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

అంటించిన మనిషి కాలువ పనుల ఓవర్సీరు. పేరు ఇక్కడ రాయను. రాస్తే, అక్షరాలు సరిగా పడ్డాయో లేదోనని పైలోకంలో కూడా ఆయనకు నిద్ర పట్టదు.

రాజధాని కర్నూలు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయిన మరుసటి ఏడు మా పరిచయం. ఆలూరుకు ఇవతల ఒక ఊళ్ళో, ఒకే ఇంట్లో, గోడకు అటొకరు ఇటొకరు అద్దెకుండేవాళ్ళం. నేను బి.ఏ. చదివి, ఆ చదువు ఇంకెక్కడా పనికిరాక, బోర్డు స్కూల్లో అయివారిగా చేరాను. స్కూలు వంకకు, అంటే వాగుకు, అవతల, ఇల్లు ఇవతల. మధ్యలో ఉన్న వారధి ఆయనది. అంటే కట్టించింది ఆయన పై ఇంజనీరు గారు. దాన్ని గురించి భయపడే బాధ్యత మాత్రం ఈయనది.

ఆయనకు ఏదైనా ఊగుతుంటే చూస్తూ ఊరుకోవడం చేతకాదు. మా ఇంటికి వస్తే కుర్చీని నాలుగు మూలలా నొక్కి చూసి, కుంటుతుంటే కాగితం మడిచి కాలి కింద దూర్చి, అప్పుడు కూర్చునేవాడు. కూర్చున్నాక లాంతరు గొలుసు కదులుతుంటే మళ్ళీ లేచేవాడు. బస్సులో కిటికీ అద్దం గడగడలాడితే ఆలూరు నుంచి ఆదోని దాకా దాన్ని అరచేత్తో అదిమిపట్టేవాడు. ఆ చెయ్యి ఖాళీ లేదు, రెండో చేతిలో సంచి, అందుకని టిక్కెట్టు నోట్లో పెట్టుకునేవాడు. ఒకసారి పక్క సీటులో కానిస్టేబులు కాలు ఊపుకుంటూ కూర్చుంటే, అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. కానిస్టేబులు "ఏమప్పా?" అన్నాడు. "ఏం ల్యా, ఊరికే" అన్నాడు ఈయన, చెయ్యి తియ్యకుండా. పోలీసుశాఖను ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు.

జేబులో ఎప్పుడూ సన్న ఇనుప తీగ ముక్కలు ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక ముక్క తీసి అటూ ఇటూ వంచేవాడు. ఊళ్ళో సంగతులు, స్కూలు సంగతులు, వానల సంగతి. వాన గురించి మాట్లాడటానికి మా వైపు ఎక్కువ ఉండదు. ఉన్నట్టుండి తీగ టప్పున తెగేది. మాట కూడా అక్కడే తెగేది.

"సూస్తివా అయివారూ. నేనేమన్నా బలంగా లాగినానా? తెగేది బలానికి కాదు. అలవాటుకు."

ఈ మాట ఆయన నాతో అనని రోజు లేదు. పొద్దున్నే ఆయన ఇల్లాలు కసువు ఊడిస్తే చేటలో సగం తీగముక్కలే. కొలిమి లేదు కానీ, మాది కమ్మరి కొట్టమేనమ్మా అని నా భార్యతో అనేదట. నిద్రలో కూడా ఆమె చెయ్యి పట్టుకుని చూస్తాడట, వణుకుతోందా అని.

వారధి సంగతి చెప్పాలి. మా ఇంజనీరు గారు కృష్ణా జిల్లా మనిషి. ఒక విదేశీ పత్రికలో కొత్తరకం వారధి బొమ్మ చూశారు. ఒడ్డుకొక ఇనుప స్తంభం. దాని తల నుంచి ఇనుప మోకులు ఏటవాలుగా, గీత గీసినట్టు సూటిగా దిగి నడిచే దారిని పట్టుకుంటాయి. డ్యాము పనిలో మిగిలిన మోకులు గిడ్డంగిలో పడివున్నాయి. వాటితో మా వంక మీద, మనుషులూ మేకలూ సైకిళ్ళూ పోవడానికి, అటువంటిదే చిన్నది కట్టించారు. పత్రికలోని బొమ్మకు అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించి, పక్కనే మా వారధి ఫొటో పెట్టారు. రెండింటికీ తేడా కనిపెట్టమని వచ్చినవాళ్ళనల్లా అడిగేవారు. నాకొక తేడా కనబడింది. ఆ బొమ్మలో కింద నీళ్ళున్నాయి.

మా వంకలో నీళ్ళు వచ్చిననాడు మనిషినీ బండినీ కలిపి తీసుకుపోతాయి. మిగతా రోజుల్లో లోతున బండలు. పడదలుచుకున్నవాడికి నీళ్ళే నయం.

ఆ వారధికి పెద్దగాలి ఒక లెక్కలోది కాదు. ఆషాఢంలో ఇళ్ళమీది రేకులు లేచిపోతున్నా అది బెదిరేది కాదు. సాయంత్రాలు పడమటి నుంచి సన్నగా, ఎడతెగకుండా ఒక గాలి వీస్తుంది. వంటికి హాయిగా ఉంటుంది. అప్పుడు మొదలయ్యేది. అన్నిటికంటే పొడుగు మోకు ముందు సన్నగా మోగేది. కాసేపటికి చూస్తే ఒకటి రెండుగా కనబడేది. తర్వాత పక్కదీ అందుకునేది. నడిచేవాళ్ళ అరికాళ్ళలో చీమలు పాకినట్టుండేది. నేను దానికి 'ఇంజనీరు గారి తంబూర' అని పేరుపెట్టాను. ఊరు ఊరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నీకు పాట తెలుసు గదా అయివారూ. మొన్నటికీ ఇయ్యాళ్టికీ శ్రుతి ఏమన్నా దిగినాదా?" అని అడిగాడు. ముఖం చూస్తే రోగి పక్కన కూర్చున్నవాడిలా ఉంది. నేను రెండు రోజులు జోకులు వెయ్యలేదు. అంతకంటే ఎక్కువ నా వల్ల కాలేదు.

ఒక ఉదయం స్కూలుకు పోతుంటే ఆయన వారధి దగ్గర ఆపి, నా భుజంమీది కండువా అడిగాడు. పొడుగు మోకు కిందికి దిగి ఇనుప గూట్లో దూరే చోట, దాని చుట్టూ కండువా చుట్టి మెల్లగా పైకి లాగాడు. ఒకచోట అది చిక్కుకుంది. చూస్తే, మోకులోని తీగ ఒకటి తెగి, వెంట్రుకలాగా బయటికి పొడుచుకుని ఉంది.

"ఒకటి పోయినాది" అన్నాడు, ఇంట్లో మనిషిని గురించి చెప్పినట్టు.

ఇంకా చాలా ఉన్నాయి కదా అన్నాను.

"శానా ఉండాయి. అందుకే ఎవురికీ భయం ల్యా."

ఆయన పోయి ఇంజనీరు గారికి చెప్పుకున్నాడు. ఇంజనీరు గారు ఓపికగా విని, "మోగుతోందంటే బిగువుగా ఉందనే కదయ్యా అర్థం? వదులుగా ఉన్నది ఎక్కడైనా మోగుతుందా?" అన్నారట. దానికి జవాబు ఈయన దగ్గర ఉంది. కానీ అది నాకు చెప్పాడు, ఇంజనీరు గారికి కాదు. "బిగువుగా ఉండాది గాబట్టే గదా భయం."

ఇక తానే మొదలుపెట్టాడు. గోనెగుడ్డలో ఇసుకా, లారీ టైరు ముక్కలూ వేసి చిన్న మూటలు కుట్టాడు. మూటను పొట్టి కమ్మికి తగిలించి, ఆ కమ్మిని మోకుకు బిగించాడు. మోకు పైకిపోతే మూట వెనకబడాలి, మోకు కిందికొస్తే మూట ఇంకా పైనుండాలి. ఆ పెనుగులాటలో మోకు అలిసిపోవాలి. సాయంత్రం గాలి రాగానే ఒక మూట పట్టుకుని, మోకు మీద ఇంత ఎత్తున కట్టి చూడటం, విప్పి ఇంకాస్త పైన కట్టి చూడటం. ఒక చోటికి వచ్చేసరికి మోత టక్కున ఆగింది. అక్కడ, ఇనుముకు తుప్పు పట్టకుండా మొదట పూసే సిందూరం రంగుతో ఒక గీత గీశాడు. అలాగే మోకు మోకుకూ గీత, గీత దగ్గర మూట.

ఇప్పుడు పెద్ద నదుల మీద ఇటువంటి వారధులు చాలా వచ్చాయి. మోకు మొదట్లో నూనె నింపిన గొట్టాలూ అవీ పెడతారు. డ్యాంపరు అంటారు. మాకు ఆ పేరు తెలియదు. ఎట్లా పనిచేస్తుందని నేనడిగితే ఆయన చెప్పింది మాత్రం గుర్తుంది.

"వణుకు ఊరికే పోదు అయివారూ. ఎవురో ఒకరు తీసుకోవాల. మోకు దగ్గర సంచి తీసుకుంటాది. లోపల ఇసకా ఇసకా రాసుకుని అరిగించుకుంటాది."

వారధి ఊరుకుంది. నా తంబూర జోకు చచ్చిపోయింది. ఆయన రెండు పూటలా అన్నం తిన్నాడని ఇల్లాలు మా ఇంట్లో చెప్పింది.

వారధి మొదట్లో బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, వేయించి అమ్ముకునే ఒక అవ్వ ఉండేది. గంప అక్కడే, కాపురం అక్కడే. నిన్నటిదాకా మోగిన వారధి మోగడం మానేసిందని ఊళ్ళో మొదట గమనించింది ఆమె. మోకుకు సిందూరం పూసివుంది. సిందూరం దగ్గర మూట కట్టివుంది. ఇంకేం కావాలి. నేను పక్కన ఉండగానే అడిగింది.

"ఓర్సీరప్పా, ఏ దేవునికి కట్టినావు సామీ ముడుపు?"

"ముడుపు కాదవ్వా. మోకు వణక్కుండా కట్టినా."

"అదే గదా నాయనా నేనడిగేది. వణక్కుండా ఉండాలనే గదా ఎవురైనా కట్టేది."

ఆయన నా వైపు చూశాడు. బి.ఏ. చదివిన నేను గంపలోంచి రెండు బుడ్డలు తీసుకుని ఒలుచుకున్నాను.

ఆ వారంలోనే పొడుగు మోకుకు పసుపుగుడ్డలో టెంకాయ వచ్చింది. తర్వాత బిడ్డలు కావలసినవాళ్ళ బొమ్మ ఉయ్యాలలు. దర్గాకు పోయేవాళ్ళ ఆకుపచ్చ గుడ్డపేలికలు. పాదిరి గారొక్కరు ఏమీ కట్టలేదు, కానీ దాటేటప్పుడు మునుపటిలా కళ్ళు మూసుకోవడం మానేశారు. కోరుకున్నది జరిగినవాళ్ళు వచ్చి ఎవరి ముడుపు వాళ్ళు విప్పుకుని, గుడికో దర్గాకో తీసుకుపోయేవాళ్ళు. విప్పిన చోట ఇంకొకరు కట్టేవాళ్ళు. ఓవర్సీరు గారిది ఒంటిమిట్ట వైపు. "మా ఊరి గుళ్ళో రాముల వారి పక్కన ఆంజనేయుడే లేడు. ఈడ నేను మోకుకొకణ్ణి పుట్టిస్తిని" అని తల పట్టుకున్నాడు. ఆయన నోట నేను విన్న ఒకే ఒక జోకు ఇది. అదీ ఏడుస్తూ వేశాడు.

ఆయన దిగులు దేవుడి గురించి కాదు. టెంకాయ ఎక్కడపడితే అక్కడ కడితే మోకు మళ్ళీ మొదలుపెడుతుందని. విప్పితే ఊరు ఒప్పుకోదు. అందుకని పనిలేనప్పుడల్లా వారధి దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు చోటు చూపించేవాడు. "అమ్మా, ఆడ కాదు, ఈ సిందూరం గీత కాడ కట్టు. బిర్రుగా కట్టొద్దు, యాలాడల్ల." జనం అది విధి అనుకున్నారు. గీత దగ్గర కట్టినవే ఫలిస్తాయని పేరు వచ్చింది. నందికొట్కూరు నుంచి ఒక పెళ్ళివారు బండి కట్టుకుని వచ్చి, ముహూర్తం కూడా చెప్పమన్నారు. గాలి లేనప్పుడు కట్టండి అని చెప్పాడు.

అంతా సర్దుకుంటోంది అనుకుంటుండగా హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు కొత్తరకం వారధిని చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. మా ఇంజనీరు గారు వచ్చి చూశారు. గోడమీది బొమ్మలో టెంకాయలు లేవు. ఉయ్యాలలు అసలే లేవు. మూటలూ ముడుపులూ అన్నీ దించి, మోకులకు వెండిరంగు వెయ్యమన్నారు. టెంకాయలు దించినా గోనెమూటలైనా ఉండనివ్వమని ఓవర్సీరు గారు బతిమాలాడు. పైవాళ్ళు చూసేది పత్రికలో బొమ్మనయ్యా, నీ సంచులను కాదు, ఒక్కరోజుకు ఏమీ కాదు అన్నారట. ఊరివాళ్ళకు నచ్చజెప్పే పని నామీద పడింది. దేవుడికి కూడా సున్నం వేసేరోజు ఉంటుంది కదా అన్నాను. ఒప్పుకున్నారు. అవ్వ మాత్రం ఓవర్సీరప్ప ముఖం చూసి, "ఆయప్పకే ఇష్టం ల్యా" అంది.

ఆ రోజు ఆలూరు సంత. పెద్ద దొర మధ్యాహ్నం రావాలి. మధ్యాహ్నం గాలి ఉండదని ఓవర్సీరు గారి ఆశ. జీపు సాయంత్రం వచ్చింది, గాలితో ముందే మాట్లాడుకున్నట్టు. సంతనుంచి తిరిగొచ్చే జనం, తలమీద మూటలు, తోలుకొచ్చే మేకలు, అందరూ వారధి ఎక్కుతున్నారు. ఈయన వారధి మొదట్లో చేతులు చాచి నిలబడి కాసేపు ఆగమంటున్నాడు. ఇంజనీరు గారు వచ్చి, "జనం నడుస్తుంటేనే కదయ్యా వారధికి అందం" అని ఆయన్ని పక్కకు జరిపారు. జనం నిండిపోయారు.

మోత మొదలైంది. పొడుగు మోకు రెండయింది. దాని పక్కదీ అందుకుంది. ఓవర్సీరు గారు జేబులో చెయ్యిపెట్టి తీగముక్క తీశాడు, వంచకుండానే పారేశాడు. చెప్పులు విడిచాడు. పోయి, ఆ పొడుగు మోకును, సిందూరం గీత ఉండే ఎత్తున, రెండు చేతులా కావలించుకున్నాడు.

వెండిరంగు ఇంకా ఆరలేదు.

నేను రెండో మోకు పట్టుకున్నాను. ఎందుకని అడిగితే నాకూ తెలియదు. పట్టుకోగానే వణుకు మోచేతుల్లోకి, అక్కడినుంచి పళ్ళలోకి ఎక్కింది. నేను ఆ వారధి మీద వేసిన జోకులన్నీ నా దవడలో మోగాయి. ఆయన ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డాడో ఒక పంటినిండా తెలిసింది. తల తిప్పి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని, చెంప మోకుకు ఆనించి ఉన్నాడు.

అవ్వ చూసింది. గంప దించి, వచ్చి మూడో మోకు పట్టుకుంది. పట్టుకుని గట్టిగా మొక్కుకుంది కూడా. అది చూసి సంతనుంచి వచ్చేవాళ్ళు మూటలు దించారు. అవతలి ఒడ్డున కూడా చూసినవాళ్ళు చూసినట్టు పట్టుకున్నారు. చిన్న మోకుకొకరు, పెద్ద మోకుకు ముగ్గురు. ఏ మొక్కు, ఎవరికి, అని ఒక్కరూ అడగలేదు. మోత తగ్గింది, సన్నగిల్లింది, ఆగింది. వారధి మీద ఉన్నవాళ్ళు ఏమైందో తెలియకుండానే అవతలికి దిగిపోయారు. చివరి మేక దిగాక కూడా ఆయన వదల్లేదు. ఆ మేక మధ్యలో నిలబడి, ముడుపులు దించినప్పుడు కిందపడ్డ గుడ్డపేలిక ఒకటి తీరిగ్గా నమిలింది. అంత తీరిక ఉన్న మేకను నేను మళ్ళీ చూడలేదు.

"ఏమిటిది?" అన్నాడు పెద్ద దొర.

మా ఇంజనీరు గారు రవ్వంత ఆలోచించి, "ఇక్కడి ఆచారమండి" అన్నారు.

పెద్ద దొర నెమ్మదిగా ఓవర్సీరు గారి దగ్గరికి వచ్చాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. ఈయన సలాము చెయ్యలేదు, చేతులు ఖాళీ లేవు. అయినా మాట మాత్రం మర్యాదగానే అన్నాడు.

"సార్, మీరూ రోంత పట్టుకోండి."

అని కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. ఒక మనిషి బరువు తగ్గేసరికి మోకు మళ్ళీ గొణిగింది. పెద్ద దొర అరచెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తీశాక వెండిరంగు అంటిన ఆ చెయ్యి వైపు చూసుకుంటూ, ఇంజనీరు గారితో ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి జీపెక్కాడు.

మరుసటి ఉదయం ఇంజనీరు గారి ఉత్తర్వు వచ్చింది. మోకుల విషయంలో స్థానిక ఆచారాన్ని ఎవరూ అడ్డుకోరాదు. అంతే. గోనెమూటలు మళ్ళీ ఎక్కాయి, ఆచారం కింద.

కొన్నాళ్ళకు ఓవర్సీరు గారికి కడప వైపు బదిలీ అయింది. ఆ సాయంత్రం వల్లనా, మామూలుగానా అని నేను ఆలోచించాను. బదిలీకి తేదీ ఉంటుంది కానీ కారణం ఉండదు. ఎడమ చెవి వెనక ఇంకా కాస్త వెండిరంగు ఉండగానే సామాను సర్దుకున్నాడు. నేను బస్సులో ఆదోని దాకా సాగనంపాను. దారిలో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కిటికీ అద్దం గడగడలాడుతున్నా దానిమీద చెయ్యి వెయ్యలేదు. అది నాకు వింతగా అనిపించింది. చూస్తే, ఆ చెయ్యి నా మోకాలి మీద ఉంది. నా కాలు ఊగుతోందని నాకు అప్పుడే తెలిసింది.

"గీత కాడ సూస్తా ఉండు అయివారూ" అన్నాడు దిగేటప్పుడు.

మరుసటి సంతనాడు నేను స్కూలుకు పోతుంటే అవ్వ ఆపింది. చేతిలో పసుపుగుడ్డలో కట్టిన టెంకాయ ఉంది. ఓర్సీరప్ప తిరిగి ఈ ఊరికే రావాలని ఊరంతా కలిసి మొక్కుకున్నారట. కట్టే పని ఆమె మీద పెట్టారట.

"సిందూరం మీద యెండిరంగు పూసి పెట్టినారు పాపిష్టోళ్ళు, మూట సూస్తే కిందికి జారినాది. నువ్వు ఆయప్ప ఎమ్మటే ఉంటివి గదా అయివారూ. యాడ కట్టమంటాడో నువ్వే సూపీ."

నేను చెయ్యెత్తి, నాకు పళ్ళలో గుర్తున్న ఎత్తు చూపించాను. బిర్రుగా కట్టొద్దన్నాను. యాలాడల్ల అన్నాను. అవ్వ తల ఊపి, కట్టి, రెండు చేతులా దణ్ణం పెట్టింది.

తర్వాత కొన్నేళ్ళకు పక్కా వంతెన కట్టి ఆ మోకులు దించేశారు. అందాకా పొడుగు మోకు మళ్ళీ మోగలేదు. మిగతా ముడుపులు వచ్చాయి, పోయాయి. కోరిక తీరితేనే ముడుపు విప్పాలి. ఆయన మళ్ళీ ఆ వైపు రాలేదు. అందుకని అవ్వ కట్టినదాన్ని విప్పే పని ఎవరికీ పడలేదు.